చెవిలో మోత, చేతిలో మెగ్నీషియం

చెవిలో మోతతో వేగుతున్న మనిషికి ఎవరు ఏ మందు పేరు చెప్పినా వినబుద్ధవుతుంది. ఈమధ్య తరచుగా వినపడుతున్న పేరు మెగ్నీషియం. మోత ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2022లో జామా న్యూరాలజీ పత్రిక ప్రచురించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో నూటికి 14 మందికి ఏదో ఒక మేర టిన్నిటస్, అంటే ఈ చెవి మోత, ఉంది. ఇద్దరికి తీవ్రంగా ఉంది. బయట ఏ చప్పుడూ లేకపోయినా ఒకరికి సన్నటి ఈల, ఒకరికి కీచురాళ్ళ రొద, ఇంకొకరికి హోరు. దాన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంతవరకు రాలేదు. అందుకే రకరకాల మాత్రలు అమ్ముడుపోతున్నాయి.

విజయవాడలో ఈ విషయం మీద ఒక బావకీ బామ్మర్దికీ కొంతకాలంగా పడటం లేదు. బావగారు రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసులో చాలా భాగం ఆల్కో ఇంజన్ ఉన్న డబ్ల్యూడీఎం-2 డీజిళ్ళ మీదే గడిచింది. ఇప్పుడు రెండు చెవుల్లోనూ ఈల. బామ్మర్ది ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాడు. బావ ఏమీ చదవకుండా మాత్ర మింగే మనిషి కాదు, బామ్మర్ది అంకెలు చూడకుండా మందును ఒప్పుకునే మనిషి కాదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక మాట మళ్ళీ అక్కడికే వచ్చింది.

"నువ్వు నమ్మినా నమ్మకపోయినా పని చేస్తోందయ్యా," అన్నారు బావ. "ఇదివరకు నడుం వాల్చగానే ఈల మొదలయ్యేది. ఇప్పుడు నిద్ర పడుతోంది. నువ్వు పాఠం మొదలుపెట్టకముందే నా పాఠం విను. లోపలి చెవిలో కాక్లియా ఉంది, అందులో వెంట్రుక కణాలున్నాయి. శబ్దం తగిలితే అవి గ్లుటమేట్ వదులుతాయి, నాడి అందుకుంటుంది. మోత మరీ ఎక్కువైతే గ్లుటమేట్ పొంగిపొర్లి నాడి కొసలే దెబ్బతింటాయి. నాడీకణం మీద ఎన్ఎండీఏ అనే ద్వారం ఉందే, దానికి అడ్డంగా కూర్చునేదెవరు?"

"మెగ్నీషియమే," ఒప్పుకున్నాడు బామ్మర్ది. "1984లోనే తేలింది. ఏటా క్లాసులో చెప్తూనే ఉన్నాను."

"మరి! మెగ్నీషియం తక్కువైతే ఆ ద్వారం బార్లా తెరుచుకుంటుంది. రక్తనాళాలూ బిగుసుకుంటాయి. లోపలి చెవికి వెళ్ళే నాళమే సన్నం, అదీ బిగుసుకుంటే ఇంకేముంది? కారణం కనపడుతోంది, తర్కం కుదిరింది. ఇంకేం కావాలి నీకు?"

"మనుషుల మీద ఫలితం కావాలి బావా. పుస్తకంలో తర్కం కుదిరి, ఆసుపత్రిలో చతికిలబడ్డ మందులు ఎన్నో ఉన్నాయి. పేర్లు చెప్పమంటే రాత్రి భోజనం కూడా ఇక్కడే చేయాల్సి వస్తుంది."

బావ ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నారు. ఇజ్రాయెల్ సైనికుల సంగతి ఎత్తారు. 1994లో వెలువడ్డ అధ్యయనం అది. కొత్తగా చేరిన 300 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకు రెండు నెలల ప్రాథమిక శిక్షణ. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునే తుపాకులు కాల్చారు. కొందరికి రోజూ 167 మిల్లీగ్రాముల మెగ్నీషియం కలిపిన పానీయం, మిగతావాళ్ళకు అదే రుచిలో ఉత్తుత్తి పానీయం. శిక్షణ ముగిశాక చూస్తే శాశ్వత వినికిడి నష్టం ఉత్తుత్తి పానీయం తాగినవాళ్ళలోనే ఎక్కువమందికి, ఎక్కువ స్థాయిలో కనిపించింది.

"ఇది ప్లాసిబోతో పోల్చిన పరీక్షే. దీన్నీ కాదంటావా?"

"కాదనను. బాగా చేసిన పరీక్ష. కానీ వాళ్ళు కొలిచిందేమిటో చూడండి. వినికిడి ఎంత పోయిందన్నది కొలిచారు. మోత తగ్గిందా లేదా అన్నది ఆ పరీక్ష పనే కాదు. ఆ కుర్రాళ్ళు శిక్షణ మొదలైన రోజు నుంచే తాగారు, దెబ్బ తగిలే సమయానికి మెగ్నీషియం ఒంట్లో ఉంది. మీరేమో సర్వీసంతా ఆల్కో పక్కన కూర్చుని, పెన్షన్ పుచ్చుకున్నాక మొదలుపెట్టారు. వాళ్ళ ఫలితం మీ చెవికి ఎలా అతుకుతుంది?"

బావ తలూపలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు. రెండో సాక్షిని పిలిచారు. అమెరికాలోని మేయో క్లినిక్, అరిజోనా శాఖ. 2011లో వచ్చిన నివేదిక. టిన్నిటస్ ఉన్నవాళ్ళకే రోజుకు 532 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చారు. ముందూ తర్వాతా ప్రశ్నావళి నింపిస్తే, ఇబ్బంది ఉన్నవాళ్ళలో ఆ ఇబ్బంది తగ్గినట్టు తేలింది.

"ఇప్పుడు మోత గురించే చెప్తున్నాను. మేయో అంటే చిన్నాచితకా ఆసుపత్రి కాదు."

"ఆసుపత్రి పెద్దదే, పరీక్ష చిన్నది. చేరినవాళ్ళు 26 మంది, చివరిదాకా ఉన్నవాళ్ళు 19. అందరికీ మెగ్నీషియమే ఇచ్చారు. తాము మింగుతున్నదేమిటో అందరికీ తెలుసు. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో జట్టు లేదు. తగ్గింది మందు వల్లో, మందు దొరికిందన్న ధైర్యం వల్లో, మామూలుగా తగ్గే రోజులు వచ్చాయో అందులో తేలదు."

టిన్నిటస్ విషయంలో ఈ ఆఖరి అనుమానం మరీ బలమైనది. మోత రోజూ ఒకే తీరున ఉండదు. నిద్ర తక్కువైతే పెరుగుతుంది, మనసు వేరే పనిలో పడితే తగ్గుతుంది. మనిషి కొత్త మందు కోసం దుకాణం మెట్లెక్కేది మోత భరించలేనంత పెరిగిన రోజునే. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా కొంత దిగడానికి అవకాశం ఎక్కువ. అప్పుడు చేతిలో ఏ డబ్బా ఉంటే పేరు దానికి వెళ్తుంది.

బామ్మర్ది దీనికి జింకో కథ చెప్పాడు. మెగ్నీషియానికి ముందు చెవి మోతకు బాగా అమ్ముడైన సరుకు జింకో బైలోబా ఆకుల సారం. దాన్ని బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా జనం మీద పరీక్షించి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. పన్నెండు వారాల తర్వాత, అసలు మాత్ర వేసుకున్న 360 మందిలో మోత బాధ తగ్గిందన్నవాళ్ళు 34 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 360 మందిలో 35 మంది.

"అంటే ఉత్తుత్తి మాత్రకే ఒక ఓటు ఎక్కువ పడిందన్నమాట," నవ్వారు బావ. వెంటనే నవ్వు ఆపి, "సరే, ఆ 35 మందిలో నేనొకణ్ణనుకో. నాకు హాయిగా ఉంది. నీకొచ్చిన నష్టమేమిటి?" అన్నారు.

ఈ ప్రశ్నకు బామ్మర్ది దగ్గర అంకె లేదు. "నష్టం హాయి వల్ల కాదు బావా, హాయిగా ఉందని మిగతావన్నీ వదిలేయడం వల్ల," అని, ఇంకో సర్వే అందుకున్నాడు. 53 దేశాల్లో టిన్నిటస్ ఉన్న 1,788 మందిని అడిగి 2016లో ప్రచురించిన సర్వే అది. నూటికి 23 మంది ఏవో ఒక సప్లిమెంట్లు వాడారు. వాడినవాళ్ళలో నూటికి 71 మంది ఏ తేడా లేదన్నారు, 19 మంది తగ్గిందన్నారు, 10 మంది పెరిగిందన్నారు.

"పంతొమ్మిది సున్నా కాదుగా!"

"పదీ సున్నా కాదు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014లో టిన్నిటస్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. జింకో, మెలటోనిన్, జింక్, ఇతర సప్లిమెంట్లు సిఫార్సు చేయొద్దని వైద్యులకు చెప్పింది. అన్నీ కలిపి చూశాకే ఆ మాటన్నారు."

అప్పటిదాకా వాదనగా ఉన్నది అక్కడ కోపంగా మారింది.

"వద్దని చెప్పడం తేలికే," బావ గొంతు పెరిగింది. "నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదనుకుంటున్నావా? చెవిలో లైటు వేసి చూశాడు. వయసు మీద పడుతోందండీ, అలవాటు చేసుకోండి అన్నాడు. నేను చెప్పులు విప్పినంతసేపు పట్టలేదు చీటీ రాయడానికి. రాత్రంతా ఈల వినేవాడికి అలవాటు చేసుకోమనడం ఒక వైద్యమా? మీ వాళ్ళు ఖాళీగా వదిలేసిన కుర్చీలో సప్లిమెంట్ల వాడు వచ్చి కూర్చున్నాడు. వాడు కనీసం నా మాట విన్నాడు."

బామ్మర్ది దీన్ని కాదనలేకపోయాడు. అలవాటు చేసుకోమన్న మాట తప్పు కాదు, ఎలా చేసుకోవాలో చెప్పకుండా పంపేయడం తప్పు అన్నాడు. ఇక్కణ్ణుంచి అతని మాటతీరు కూడా మారింది. మెగ్నీషియాన్ని పక్కన పెట్టి, మోత ఎక్కడ పుడుతుందో చెప్పుకొచ్చాడు.

పెద్ద చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ వినికిడి పరీక్ష తీస్తే సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గొయ్యిలా కిందికి దిగుతుంది. ఆ ఎత్తు ధ్వనులు చెవి నుంచి మెదడుకు సరిగ్గా అందవు. స్టేషన్ సరిగ్గా అందనప్పుడు రేడియో వాల్యూమ్ పెంచుతాం, దాంతో గరగర కూడా పెరుగుతుంది. మెదడు చేసేదీ అదే అన్నది ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకుంటున్న వివరణ. శస్త్రచికిత్సలో శ్రవణ నాడిని కోసేసినా చాలామందిలో మోత ఆగకపోవడం దీనికి గట్టి సాక్ష్యం. ఆరోగ్యమైన చెవులకూ ఇది తప్పదు. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినపడుతోందని అడిగితే, నూటికి 94 మంది ఏదో ఒక శబ్దం వినపడుతోందన్నారు.

"అందుకే చెవిలో తగ్గిన శబ్దాన్ని తిరిగి అందించడం ఒక దారి," అన్నాడు బామ్మర్ది. "వినికిడి తగ్గినవాళ్ళకి చెవి మిషన్ పెడితే చాలామందికి మోత మీద ధ్యాస తగ్గుతుంది. రెండోది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే మోత పట్ల ఆలోచననూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. 28 పరీక్షలు, 2,733 మందిని కలిపి, వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2020లో సమీక్షించారు. మోత వల్ల కలిగే బాధ తగ్గిందని తేలింది. మోత గట్టిదనం తగ్గిందని వాళ్ళూ చెప్పలేదు."

"చూశావా, మోత తగ్గదని నువ్వే అంటున్నావు."

"మీకు కావల్సింది నిద్రే కదా బావా. బాధ తగ్గితే ఆ నిద్రా రావచ్చు. పైగా జట్లు కట్టి పోల్చి మరీ చూశారు."

"చెవి మిషనా? నాకంత చెవుడేం లేదు."

లోపలి నుంచి అక్కయ్య గొంతు వినపడింది. "వంటింట్లోంచి నేను నాలుగుసార్లు పిలిచాను, ఒక్కసారీ పలకలేదు. చెవుడు లేదట!"

ఆమె ఊరికే రాలేదు, బావ మాత్రల డబ్బా పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం మాత్ర వేసుకునే వేళయింది. డబ్బాలోని స్ట్రిప్పులు ఒక్కొక్కటే తీసి చదువుతూ బామ్మర్ది మొహం మారిపోయింది. పరగడుపున పాంటోప్రజోల్, అంటే గ్యాస్ మాత్ర. ఎన్నాళ్ళుగా అంటే ఎవరికీ గుర్తులేదు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. మోకాళ్ళకు అప్పుడప్పుడు డైక్లోఫెనాక్.

"బావా, ఈ ఒక్క విషయంలో మీరు గెలిచినట్టున్నారు."

గ్యాస్ మాత్రలను దీర్ఘకాలం, ముఖ్యంగా ఏడాదికి మించి వాడితే కొందరి రక్తంలో మెగ్నీషియం పడిపోతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011 మార్చిలో హెచ్చరించింది. పేగు మెగ్నీషియాన్ని సరిగ్గా పీల్చుకోలేకపోతుంది. థయజైడ్ రకం మాత్రలు మూత్రంలో పోయే మెగ్నీషియాన్ని పెంచుతాయి. అటు రాబడి తగ్గి, ఇటు ఖర్చు పెరిగిన మనిషి ఒంట్లో నిజంగానే లోటు ఉండవచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల సంగతి వేరు. వాటి దుష్ప్రభావాల్లోనే టిన్నిటస్ ఉంది.

"అంటే నాకు మెగ్నీషియం అవసరమేనని ఒప్పుకున్నట్టేగా!" బావ కుర్చీలో ముందుకు జరిగారు.

"లోటు ఉంటే అవసరమే. కానీ అది లోటుకు వైద్యం, చెవికి కాదు. ముందు లోటు ఉందో లేదో చూడాలి. ఆ చూడటంలోనూ తిరకాసుంది. ఒంట్లోని మెగ్నీషియంలో సగానికి పైగా ఎముకల్లో ఉంటుంది, రక్తపు సీరంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. పరీక్షలో తక్కువ వస్తే లోటున్నట్టే. మామూలుగా వస్తే మాత్రం లోటు లేదని గట్టిగా చెప్పలేం."

"మరి అనుమానం ఉన్నప్పుడు మింగితే తప్పేమిటి?"

"ఎఫ్‌డీఏ చూసిన కేసుల్లో దాదాపు పావువంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా లోటు తీరలేదు. గ్యాస్ మాత్ర ఆపాకే తీరింది. రాబడికి గండి ఎక్కడుందో చూడకుండా పైనుంచి పోస్తే ఏం లాభం? అలాగని మీకు మీరే ఆ మాత్ర ఆపేయకండి. అది అసలు ఇంకా కావాలా అని రాసిన డాక్టర్‌నే అడగండి. చాలామంది అడగరు, వాళ్ళూ చెప్పరు."

తర్వాత బామ్మర్ది చూపు బావ సప్లిమెంట్ డబ్బా మీదికి మళ్ళింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు అని ఉంది. అందులో మెగ్నీషియం మూలకం వాటా సుమారు 14 శాతం, అంటే 140 మిల్లీగ్రాములు. మిగతా బరువంతా గ్లైసిన్. ఇంకో రకమైన మెగ్నీషియం ఆక్సైడ్‌లో మూలకం 60 శాతం దాకా ఉంటుంది, కానీ ఒంటికి పట్టేది తక్కువ, విరేచనాలు ఎక్కువ. మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా ఈ కుటుంబంలోదే. తిండిలో వచ్చేది కాక సప్లిమెంట్ల ద్వారా రోజుకు 350 మిల్లీగ్రాములు దాటొద్దని అమెరికాలో పరిమితి పెట్టారు. యూరప్‌లో అది 250. మేయో పరీక్షలో ఇచ్చిన 532 ఈ రెండిటికీ పైనే.

"ఆ 140 కోసం ఇంత డబ్బు పోయనక్కర్లేదు," అన్నాడు బామ్మర్ది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో దాదాపు 146 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంది. దంపుడు బియ్యంలో 94 ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మిగిలేది 19. మిల్లులో తవుడుతో పాటే అదీ పోయింది.

"రాగుల్లో ఫైటేట్ ఉంటుంది, మెగ్నీషియాన్ని పూర్తిగా పట్టనివ్వదు. నేనూ చదివానులే," అన్నారు బావ.

"పూర్తిగా పట్టదు, నిజమే. అసలు తిండిలో వచ్చే మెగ్నీషియంలో మనకు పట్టేదే నూటికి ముప్ఫై, నలభై వంతులు. మాత్ర కూడా మొత్తం పట్టదు. రాగిజావ మాత్రం ఎక్కువైతే కిడ్నీల మీదికి రాదు."

"ఆ జావ చేస్తే ఆయన గ్లాసు ముట్టుకోరు," అంది అక్కయ్య. "నేనే తాగుతున్నాను. పిక్కలు పట్టేస్తున్నాయని ఆయన మాత్రలు నేనూ వేసుకుంటున్నాలే, పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి."

బామ్మర్ది నెత్తి పట్టుకున్నాడు. మెగ్నీషియం థైరాయిడ్ మాత్రను పేగులో ఒంటికి పట్టనివ్వదు. రెండిటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కూ అదే ఇబ్బంది. పెద్ద వయసువాళ్ళ పిక్కల నొప్పికి మెగ్నీషియం పెద్దగా పనిచేయదని కాక్రేన్ సమీక్షే చెప్పింది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అలా ఉంది మీ ఇంటి వైద్యం. అక్కా, నీ థైరాయిడ్ పరీక్ష చేయించి ఎన్నాళ్ళయింది?"

ఆమె జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళింది.

వాదన తెగేలా లేదని బామ్మర్ది ఒక పద్ధతి చెప్పాడు. ఒకే రకం ఖాళీ క్యాప్సూల్స్‌లో కొన్నిటికి మెగ్నీషియం, కొన్నిటికి పిండి నింపుతాడు. ఏది ఏ వారమో రాసిన కాగితం అక్కయ్య దగ్గర ఉంటుంది. బావ రోజూ పడుకునేముందు మోతకు పదికి ఎన్ని మార్కులో రాసిపెట్టుకోవాలి. చివర్లో కాగితం విప్పి చూస్తే తేలిపోతుంది.

బావ కాసేపు ఆలోచించి నవ్వారు. "తేలదయ్యా. మెగ్నీషియం ఉన్న వారం నా కడుపే చెప్పేస్తుంది. నీ పిండి మొదటి రోజే దొరికిపోతుంది."

ఇది నిజమైన పరీక్షల్లోనూ వచ్చే చిక్కే. దుష్ప్రభావం రహస్యాన్ని బయటపెట్టేస్తే ప్లాసిబో చేతులెత్తేస్తుంది. ఫార్మకాలజీ మాస్టారికి ఈ పాయింటు లోకో పైలట్ చెప్పాల్సి వచ్చినందుకు కొంచెం ఉక్రోషం కలిగినట్టే ఉంది. "సరే, ఆ సంగతి వదిలేద్దాం. వినికిడి పరీక్ష, అదే ఆడియోగ్రామ్, తీయించుకుంటారా? మోత రెండు చెవుల్లోనూ ఉంది కాబట్టి తొందరేం లేదు. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లబ్‌డబ్ అని వినపడినా, వినికిడి ఒక్కసారిగా పడిపోయినా ఆగకూడదు. దానికి మాత్రలతో కాలక్షేపం పనికిరాదు."

"తీయించుకుంటాను. మిషన్ పెట్టుకుంటానని మాత్రం ఒప్పుకోలేదు, గుర్తుపెట్టుకో."

"కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. కిడ్నీలు సరిగ్గా పనిచేస్తే అదనపు మెగ్నీషియం బయటికి పోతుంది. పనిచేయకపోతే రక్తంలో పేరుకుంటుంది. మరీ పెరిగితే కండరాలు నీరసిస్తాయి, బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. మందుల షాపులో చీటీ అడగరు కాబట్టి ఇది ఎవరికీ తట్టదు."

బావ చేతిలో ఉన్న డబ్బాను టేబుల్ మీద పెట్టేశారు. "మన సోంపేట స్నేహితుడికి కూడా చెప్పానయ్యా పోయిన నెల. నాతోపాటే రిటైరయ్యాడు, వాడికీ చెవుల్లో ఇదే గోల."

"సోంపేటా?" బామ్మర్ది నిటారుగా కూర్చున్నాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోదే ఆ ఊరు. కారణం ఇదీ అని ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఆ ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి పీడిస్తోంది. అందుకోసమే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. "ఆయనకి కిడ్నీలు ఎలా ఉన్నాయి?"

"క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందని ఎప్పుడో అన్నట్టు గుర్తు."

బావ ఫోన్ తీసి స్పీకర్ ఆన్ చేశారు. అవతల ఎత్తగానే కుశలప్రశ్నలు లేవు. "ఒరేయ్, ఆ మెగ్నీషియం మాత్రలు వేసుకుంటున్నావా? ... ముందు ఆపేయ్. క్రియాటినిన్ రిపోర్టు తీసి అంకె చెప్పు. ... లేదులే, నేను మానలేదు. నా సంగతి వేరు, మా బామ్మర్దే ఒప్పుకున్నాడు, గ్యాస్ మాత్రల వల్ల నాకు లోటుండొచ్చని."

"లోటుండొచ్చు అన్నాను, మోత తగ్గుతుందనలేదు," పక్కనుంచి బామ్మర్ది అరిచాడు.

"ఏంటీ?" అన్నారు బావ. ఆ మాట ఆయనకు సరిగ్గా వినపడలేదు.